నడిస్తే వెలిగే దీపం

చీకటిని జయించాలనే కోరిక మానవునికి ఆదినుంచీ ఉన్నది. ఆముదపు దీపం నుంచి కిరోసిన్ లాంతరుకు, లాంతరు నుంచి విద్యుద్దీపానికి సాగిన ప్రయాణంలో ప్రతి దశలోనూ దీపం వెలిగించడానికి ఒక మనిషి చేయి అవసరమైంది. ఆ చేయి కూడా అక్కరలేకుండా, మనిషి అడుగుపెట్టగానే తానే వెలిగి, అతడు వెళ్ళిన కొంతసేపటికి తానే ఆరిపోయే దీపం నేడు మన బజారులో సాధారణ వస్తువైపోయింది. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలలోనూ, ఎల్‌బీ నగర్ కూడలి చుట్టుప్రక్కల ఉన్న ఎలక్ట్రికల్ షాపులలోనూ 'సెన్సార్ బల్బు' అని అడిగితే చాలు, చేతికి ఇస్తారు. అయితే అది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఉపయోగపడుతుంది, ఎక్కడ మోసగిస్తుంది అనే విషయాలు తెలిసి కొనేవారు తక్కువ. బడంగ్‌పేట్, అల్మాస్‌గూడ, నాదర్‌గుల్, బాలాపూర్ వంటి ప్రాంతాలలో కొత్త ఇళ్ళు ఎన్నో వెలిశాయి. ఆ ఇళ్ళ నుంచి వచ్చే మన విద్యార్థులకు ఈ విషయం ఉపకరిస్తుందని భావించి ఈ వ్యాసంలో కొంత వివరించడానికి ప్రయత్నిస్తున్నాం.

పూర్వరంగం

తనంతట తాను పనిచేసే దీపం అనే ఆలోచన కొత్తది కాదు. 9వ శతాబ్దంలో బాగ్దాద్ నగరంలో బనూ మూసా అని ప్రసిద్ధులైన ముగ్గురు సోదరులు ఉండేవారు. సుమారు 850లో వారు రచించిన 'కితాబుల్ హియల్' అనే యంత్రశాస్త్ర గ్రంథంలో, వత్తిని తానే ఎగదోసుకొనే దీపాన్ని, నూనెను తానే నింపుకొనే దీపాన్ని వర్ణించారు. 1206లో గ్రంథ రచన పూర్తిచేసిన అల్ జజరీ, వుజూ చేసుకొనేవారికి నీరు పోసే యంత్రాన్ని వివరించాడు. ఆ యంత్రాలన్నీ నీటి బరువు, తేలుడు బిళ్ళలు, పళ్ళచక్రాల మీద ఆధారపడినవి. మనిషి దగ్గరకు వచ్చాడన్న సంగతిని యంత్రం తానుగా గ్రహించే ఉపాయం మాత్రం అప్పటికి లేదు. ఆ లోటు తీరడానికి కంటికి కనిపించని కిరణాలను మానవుడు కనుగొనవలసి వచ్చింది.

1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకం ద్వారా ఏడు రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకాన్ని ఉంచి చూశాడు. ఎరుపు రంగుకు ఆవల, ఏ రంగూ కనిపించని చోట, ఉష్ణమాపకం మరింత పైకి లేచింది. కంటికి గోచరించని ఆ కిరణాలే పరారుణ కిరణాలు. వేడి ఉన్న ప్రతి వస్తువూ వీటిని వెదజల్లుతుంది. మన శరీరం నుంచి వెలువడే కిరణాలలో అధికభాగం 9 నుంచి 10 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం చుట్టూ ఉంటుంది. మనం చూడగల ఎర్రని కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 0.7 మైక్రోమీటర్లు మాత్రమే. అంటే ప్రతి మనిషీ చీకటిలో కూడా ఒక దీపమే; ఆ వెలుతురును చూడగల కన్ను మనకు లేదు. ఆ కన్నునే మనం సెన్సార్ అంటున్నాం.

హరకత్, సుకూన్

ఉర్దూ చదువుకున్న మన విద్యార్థులకు 'హరకత్', 'సుకూన్' అనే రెండు మాటలు చిన్ననాటి నుంచీ పరిచితమైనవే. జబర్, జేర్, పేష్ గల అక్షరానికి హరకత్ ఉన్నదంటాం. ఏ స్వరమూ లేకుండా ఆగిన అక్షరాన్ని సాకిన్ అంటాం. తెలుగులో చలనం, నిశ్చలత అని చెప్పుకోవచ్చు. మన ఇళ్ళలో ఎక్కువగా వాడే సెన్సార్ స్వభావమంతా ఈ రెండు మాటలలో ఇమిడి ఉన్నది. అది హరకత్‌ను ఎరుగును, సుకూన్‌ను ఎరుగదు. ఈ ఒక్క సూత్రం మనసులో ఉంచుకుంటే దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో ఎవరూ మనకు చెప్పనక్కరలేదు.

కారణం దాని నిర్మాణంలోనే ఉన్నది. సెన్సార్ లోపల ప్రక్కప్రక్కనే రెండు చిన్న స్ఫటికపు ముక్కలు ఉంటాయి. తమ మీద పడే వేడి మారినప్పుడు వాటిలో విద్యుదావేశం పుడుతుంది. ఈ రెండింటినీ ఒకదానికొకటి ఎదురుగా కలుపుతారు. ఎండ ఎక్కి గది మొత్తం వేడెక్కితే రెండు ముక్కలూ సమానంగా స్పందిస్తాయి; ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేస్తుంది. కాని మనిషి అడ్డంగా నడిచినప్పుడు అతని శరీరపు వేడి ముందు ఒక ముక్క మీద, తరువాత రెండవ ముక్క మీద పడుతుంది. అప్పుడు ఏర్పడే తేడాను చిన్న ఎలక్ట్రానిక్ వలయం పెంచి, దీపానికి ఆజ్ఞ ఇస్తుంది. మనిషి కదలకుండా కూర్చుంటే తేడా లేదు. తేడా లేకపోతే సెన్సార్ దృష్టిలో మనిషీ లేడు.

సెన్సార్ మీద బోర్లించిన గిన్నెవలె కనిపించే తెల్లని ప్లాస్టిక్ మూత కేవలం అలంకారం కోసం పెట్టినది కాదు. అది ఫ్రెనెల్ లెన్సు. 1820ల నాటి ఫ్రాన్సులో ఓడలకు దారి చూపే దీపస్తంభాల కోసం అగస్టిన్ ఫ్రెనెల్ రూపొందించిన పలుచని కటకాల పద్ధతికి ఇది వారసురాలు. ఈ మూత గదిని గొడుగు ఊచలవలె అనేక భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగం నుంచి వచ్చే వేడిని లోపలి స్ఫటికం మీదికి చేరుస్తుంది. ఒక ఊచ నుంచి మరొక ఊచకు మనిషి దాటినప్పుడల్లా తేడా పుడుతుంది. అందువల్లనే సెన్సార్‌కు ఎదురుగా తిన్నగా నడిచి వచ్చేవాని కంటే దానికి అడ్డంగా దాటేవాడు త్వరగా పట్టుబడతాడు. గోడకు బిగించేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మరొక జాతి సెన్సార్

బజారులో 'రాడార్ సెన్సార్' లేక 'మైక్రోవేవ్ సెన్సార్' అనే పేరుతో మరొక రకం కూడా లభిస్తుంది. ఇది వేడిని చూడదు. సాధారణంగా 5.8 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల రేడియో తరంగాలను తానే పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వని వంటి తరంగంలో మార్పును పరిశీలిస్తుంది. 1842లో క్రిస్టియన్ డాప్లర్ ప్రతిపాదించిన సూత్రమే దీనికి ఆధారం. సెకనుకు ఒక మీటరు వేగంతో నడిచే మనిషి వల్ల తిరిగి వచ్చే తరంగంలో సుమారు 39 హెర్ట్జ్ తేడా వస్తుంది. ఆ కొద్ది తేడాయే దీపం వెలిగించడానికి చాలు.

దీని గుణమే దీని దోషం కూడా. రేడియో తరంగాలు చెక్క తలుపును, అద్దాన్ని, పలుచని గోడను దాటిపోతాయి. ఇల్లు ఇంటికి ఆనుకొని ఉండే మన వీధులలో ప్రక్కింటివారు వరండాలో నడిస్తే మన దీపం వెలగవచ్చు. పైగా తిరిగే సీలింగ్ ఫ్యాన్ రెక్కలను కూడా ఇది చలనంగానే భావించి దీపాన్ని ఆర్పకుండా ఉంచే ప్రమాదం ఉన్నది. సంవత్సరంలో అధికకాలం ఫ్యాన్లు తిరిగే మన ఊళ్ళకు గదులలో ఈ రకం అంత అనుకూలం కాదు.

ఇటీవల 24, 60 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాలతో పనిచేసే సెన్సార్లు కూడా వచ్చాయి. నిశ్చలంగా కూర్చున్నవాని ఛాతీ శ్వాసకు పైకి క్రిందికి కదిలే స్వల్ప చలనాన్ని కూడా ఇవి పసిగట్టగలవు. ఇంత చిన్న తరంగాలతో ప్రపంచంలో మొదట ప్రయోగాలు చేసినవారిలో మన దేశీయుడైన జగదీశ్ చంద్రబోస్ అగ్రగణ్యుడు. 1895లో కలకత్తాలో ఆయన తీగలు లేకుండానే, గోడల ఆవలికి తరంగాలు పంపి గంట మ్రోగించి చూపాడు. ఆ దశాబ్దంలో ఆయన ఉపయోగించిన తరంగాలలో కొన్ని 60 గిగాహెర్ట్జ్ ప్రాంతానికి చెందినవే. నాటి ప్రయోగశాలలోని అద్భుతం నేడు అగ్గిపెట్టె అంత పరికరంలో ఇమిడిపోయింది.

తీగలు లేని సంబంధం

సెన్సార్ మనిషిని చూడటం ఒక పని. ఆ కబురు దీపానికి చేరవేయడం మరొక పని. ఈ రెండవ పనిలోనే 'వైర్‌లెస్' అనే మాట వస్తుంది. పూర్వులు దీన్ని నిస్తంత్రి అనేవారు. సెన్సార్ బల్బులో చూసేదీ వెలిగేదీ ఒకే గిన్నెలో ఉన్నందున కబురు పంపవలసిన అవసరమే లేదు. కాని మెట్ల మొదట సెన్సార్, మెట్ల మలుపులో దీపం ఉండాలంటే రెండింటి నడుమ సంబంధం కావాలి. ఇల్లు కట్టేనాడే గొట్టాలు వేసి ఉంటే తీగ లాగవచ్చు. పూర్తయిన ఇంట్లో గోడ తవ్వడం ఖర్చుతో కూడిన పని. అద్దె ఇంట్లో యజమాని అందుకు అంగీకరించడు. అప్పుడు వైర్‌లెస్ సెన్సార్ అక్కరకు వస్తుంది. గోడకు రెండువైపులా అంటుకొనే టేపుతో దాన్ని అతికించి, ఇల్లు ఖాళీ చేసినప్పుడు తీసుకొనిపోవచ్చు.

ఇటువంటి సెన్సార్ గుండ్రని చిన్న సెల్‌తో పనిచేస్తుంది. సాధారణంగా వాడే సీఆర్ 2032 సెల్‌లో సుమారు 220 మిల్లీ ఆంపియర్ గంటల శక్తి ఉంటుంది. సెన్సార్ సగటున 10 మైక్రో ఆంపియర్ల విద్యుత్తును మాత్రమే తీసుకుంటే, లెక్క ప్రకారం 22,000 గంటలు, అనగా రెండున్నర సంవత్సరాలు రావాలి. ఆచరణలో అంతకంటే తక్కువే వస్తుంది. ఇంత పొదుపు ఎలా సాధ్యమంటే, అది నిరంతరం నిద్రిస్తూ, చలనం కలిగినప్పుడు మాత్రం క్షణకాలం మేల్కొని ఒక చిన్న సందేశం పంపి మళ్ళీ నిద్రపోతుంది. ఈ పొదుపు కోసమే జిగ్‌బీ వంటి పద్ధతులు ఏర్పడ్డాయి. తేనెటీగ తన తోటివారికి పూల జాడ తెలిపేందుకు చేసే వంకరటింకర నాట్యాన్ని బట్టి దానికి ఆ పేరు పెట్టారు. ఇంట్లోని వైఫై ద్వారా కూడా కబురు పంపవచ్చు కాని, వైఫై రేడియోను ఎల్లవేళలా మేల్కొల్పి ఉంచితే అటువంటి చిన్న సెల్ కొద్ది గంటలైనా నిలవదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కొన్ని పరికరాలలో సెన్సార్ కబురు ఇంటర్నెట్ ద్వారా ఎక్కడో దూరదేశంలోని కంప్యూటర్‌కు వెళ్ళి, అక్కడినుంచి ఆజ్ఞ తిరిగి వచ్చిన తరువాతనే మన మెట్ల మీది దీపం వెలుగుతుంది. ఇంటర్నెట్ ఆగితే దీపమూ ఆగుతుంది. అంతకంటే ముఖ్యమైనది, ఇంట్లో ఎవరు ఎప్పుడు తిరిగారు, ఏ వేళలో ఇల్లు ఖాళీగా ఉన్నది అనే చిట్టా అంతా పరాయివారి వద్ద నిలిచిపోతుంది. మన ఇంటి గుట్టును దీపం కోసం తాకట్టు పెట్టవలసిన పనిలేదు. ఇంటి లోపలనే కబురు ముగిసే పరికరాన్ని ఎంచుకోవడం మేలు.

లాభం ఎంత?

సెన్సార్ పెడితే కరెంటు బిల్లు సగం తగ్గిపోతుందని దుకాణదారులు చెప్పడం కద్దు. ఈ మాటను లెక్కకు పెట్టి చూద్దాం. 1000 వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్టు ఖర్చవుతుంది. పూర్వపు 60 వాట్ల తంతువు బల్బు రాత్రి 12 గంటలు వెలిగితే నెలకు 21.6 యూనిట్లు అయ్యేవి. దాని స్థానంలో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు పెడితే అంతే సమయానికి 3.24 యూనిట్లు మాత్రమే అవుతాయి. పెద్ద ఆదా ఇక్కడే, బల్బు మార్చడంలోనే జరిగిపోయింది. ఇప్పుడు సెన్సార్ పెట్టి, రాత్రి మొత్తం మీద ఒక గంట మాత్రమే దీపం వెలిగిందనుకుందాం. దీపానికి 0.27 యూనిట్లు. అయితే సెన్సార్ కూడా రాత్రింబవళ్ళు మేల్కొని ఉండాలి. దానికి అర వాటు చొప్పున నెలకు 0.36 యూనిట్లు. మొత్తం 0.63 యూనిట్లు. సెన్సార్ వల్ల మిగిలేది నెలకు 2.61 యూనిట్లు. యూనిట్టు 5 రూపాయలనుకుంటే నెలకు 13 రూపాయలు. సెన్సార్ ధర 300 రూపాయలనుకుంటే అది తిరిగి రావడానికి దాదాపు రెండు సంవత్సరాలు పడుతుంది.

అదే ఇంట్లో 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్ ఎవరూ లేని గదిలో రోజుకు 4 గంటలు వృథాగా తిరిగితే నెలకు 9 యూనిట్లు పోతాయి. అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు ఇచ్చే గృహజ్యోతి పథకం తెలంగాణలో 2024లో ప్రారంభమైన తరువాత, ఆ హద్దుకు దగ్గరగా ఉన్న ఇళ్ళలో ప్రతి యూనిట్టుకూ విలువ పెరిగింది. అటువంటి ఇంటి ఇల్లాలు ముందుగా చూడవలసినది ఫ్యాన్లను, గీజర్‌ను, ఫ్రిజ్‌ను. దీపానికి సెన్సార్ పెట్టడం ఆ తరువాతి మాట.

అయితే సెన్సార్ వ్యర్థమా? కాదు. దాని విలువను రూపాయలతో కొలవడమే పొరపాటు.

అసలు ప్రయోజనం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం, ప్రపంచంలో ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది జారిపడటం వల్ల మరణిస్తున్నారు. ఇట్టి మరణాలు 60 ఏళ్ళు పైబడినవారిలో ఎక్కువ. పడినవారందరూ మరణించకపోవచ్చు; కాని తుంటి ఎముక విరిగి మంచాన పడిన వృద్ధుని బాధ, ఆ ఇంటివారి కష్టం ఏ లెక్కకూ అందవు.

మన బడంగ్‌పేట్ ప్రాంతపు ఇళ్ళను ఒకసారి తలచుకుందాం. క్రింద ఇంటివారు, పైన ఒకటి రెండు అంతస్తులలో అద్దెవారు ఉండే ఇళ్ళు అనేకం. మెట్లు ఇంటి ప్రక్కగా ఇరుకుగా పైకి పోతాయి. మెట్ల దీపం ఎవరి మీటరు మీద ఉండాలన్నది యజమానికీ అద్దెవారికీ ఎడతెగని తగవు. ఆ తగవు ఫలితంగా చాలా చోట్ల ఆ దీపం ఆరిపోయే ఉంటుంది. రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చేవాడు, సంచులు రెండు చేతులా పట్టుకున్న తల్లి, ఫజర్ నమాజుకు మసీదుకు బయలుదేరే తాత, రమజాన్ నెలలో సహరీకి ముందుగా లేచే దాదీ, అందరూ ఆ చీకటి మెట్ల మీదనే అడుగు వేయాలి. నెలకు 0.63 యూనిట్ల ఖర్చుతో ఆ మెట్లు వెలుగుతాయంటే, ఆ తగవు పెట్టుకోవడానికే ఎవరికీ మనసొప్పదు. సెన్సార్ చేసే నిజమైన మేలు ఇది.

స్నానాలగదికి పోయే నడవా, వుజూ చేసే పంపు వద్ద తడి నేల, నీటి సంపు మూత ఉన్న చోటు కూడా ఇటువంటివే. ఈ చోట్లలో మనిషి ఆగడు, కదులుతూనే ఉంటాడు; చేతులు ఖాళీగా ఉండవు, లేదా తడిగా ఉంటాయి. తడి చేతితో స్విచ్చు ముట్టుకొనే ప్రమాదాన్ని కూడా సెన్సార్ తప్పిస్తుంది.

దీపం ఎంత వెలుతురు ఇవ్వాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. వెలుతురు నుంచి చీకటిలోకి వెళ్ళిన కన్ను పూర్తిగా సర్దుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. వయసు మళ్ళినవారికి మరింత ఆలస్యమవుతుంది. నడిరాత్రి నిద్రలేచినవారి మీద 20 వాట్ల తెల్లని కాంతి ఒక్కసారి పడితే కళ్ళు జిగేలుమని, అది ఆరిన తరువాత ముందుకంటే గాఢమైన చీకటి కనిపిస్తుంది. అందువల్ల నడవాలో పాదాల ఎత్తున ఒకటి రెండు వాట్ల పసుపు వన్నె దీపం చాలు.

ఎక్కడ పెట్టకూడదు?

చదువుకొనే బల్ల వద్ద పెట్టకూడదు. శ్రద్ధగా చదివే విద్యార్థి కదలడు. రెండు నిమిషాలకు దీపం ఆరిపోతుంది. చేయి ఊపితే మళ్ళీ వెలుగుతుంది. ఆ దీపం క్రింద ఏకాగ్రత కలవాడు శిక్ష పొందుతాడు, అల్లరివాడు బహుమతి పొందుతాడు. నమాజు గదిలోనూ అంతే. తహజ్జుద్ వేళ దీర్ఘంగా సజ్దాలో ఉన్నవారి మీద దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే మనసు చెదురుతుంది. రోగి పడుకున్న గదిలో రాత్రి సేవ చేసేవారికి నిలకడైన వెలుతురు కావాలి. వంటింట్లో పొయ్యి వేడి సెన్సార్‌ను తికమక పెడుతుంది. పైగా మరుగుతున్న నూనె ముందు నిలబడినవారి మీద దీపం ఆరడం అపాయకరం. ఈ చోట్లన్నింటా చేతి స్విచ్చే ఉత్తమం.

వేసవిలో ఒక చిక్కు

ఏప్రిల్, మే నెలలలో సెన్సార్ పాడైపోయిందని, దగ్గరకు వెళ్తేగాని వెలగడం లేదని చాలామంది అంటూ ఉంటారు. పరికరం పాడు కాలేదు. మన చర్మపు ఉష్ణోగ్రత సుమారు 33 నుంచి 35 డిగ్రీలు. పగలంతా కాగిన స్లాబు, గోడలు రాత్రి కూడా దాదాపు అదే వేడితో ఉంటే, మనిషికీ గోడకూ తేడా కనిపించదు. తెల్ల కాగితం మీద తెల్ల సిరాతో వ్రాసినట్లు అవుతుంది. గోడ శరీరం కంటే బాగా చల్లగా ఉన్నా, బాగా వేడిగా ఉన్నా తేడా తెలుస్తుంది. రెండూ సమానమైనప్పుడే చిక్కు. శీతాకాలంలో ఆరు మీటర్ల దూరం నుంచి గుర్తించే సెన్సార్ వేసవిలో అంతకు ఎంతో తక్కువ దూరంలోనే గుర్తించవచ్చు. కాబట్టి జనవరిలో సెన్సార్ బిగించినవారు మే నెలను కూడా దృష్టిలో ఉంచుకొని, మనిషి దానికి రెండు మూడు మీటర్ల లోపుగా నడిచే చోటనే పెట్టాలి.

కొన్ని జాగ్రత్తలు

ఒకటి: దీపం ఆరే గడువును మెట్లు ఎక్కే ముసలివారి నడకను బట్టి నిర్ణయించాలి. యువకుడు అర నిమిషంలో ఎక్కే మెట్లకు మోకాళ్ళ నొప్పులు కలవారికి రెండు నిమిషాలు పట్టవచ్చు. నడిమి మెట్టు మీద ఉండగా ఆరిపోయే దీపం, అసలు లేని దీపం కంటే ప్రమాదకరమైనది. పొడవైన మెట్లకు పైన ఒకటి, క్రింద ఒకటి రెండు సెన్సార్లు ఉండాలి.

రెండు: సెన్సార్‌తో పాటు చేతి స్విచ్చు కూడా ఉండాలి. యంత్రం విఫలమైననాడు మనిషి చేయి పనిచేయాలి.

మూడు: సెన్సార్‌ను వీధివైపు, ఎండ పడే కిటికీవైపు, ఏసీ గాలి తగిలే చోట పెట్టరాదు. లెన్సు మీద పాకే పురుగులు కూడా దాన్ని మోసగించగలవు. అప్పుడప్పుడు పొడిగుడ్డతో తుడవాలి.

నాలుగు: కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ లేని ఇంట్లో సెన్సార్ బల్బు వెలగదు. మెట్ల మలుపులో ఛార్జింగ్ సెల్‌తో నడిచే చిన్న సెన్సార్ దీపం ఒకటి అతికిస్తే ఆ వేళ ఆదుకుంటుంది.

ఐదు: మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టుల విద్యుత్తు. స్విచ్ బోర్డు విప్పే పని అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్‌దే. విద్యార్థులు దాని జోలికి పోరాదు.

విద్యార్థులకు ఒక ప్రయోగం

ప్రమాదం లేకుండా ఈ సూత్రాన్ని స్వయంగా పరీక్షించే మార్గం ఉన్నది. కోఠి గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాలలో హెచ్‌సీ ఎస్ఆర్ 501 అనే సెన్సార్ పలక దొరుకుతుంది. దానిమీద రెండు చిన్న మరలు ఉంటాయి. ఒకటి దూరాన్ని, రెండవది వెలిగి ఉండే గడువును మారుస్తుంది. ఒకటిన్నర వోల్టుల సెల్స్ నాలుగింటిని వరుసగా కలిపి దానికి ఇచ్చి, వెలువడే కొనకు 330 ఓముల నిరోధం ద్వారా ఒక ఎర్ర ఎల్ఈడీని కలపాలి. మొదట ఒక నిమిషం దాన్ని స్థిమితపడనివ్వాలి.

తరువాత మూడు పరీక్షలు చేయవచ్చు. మొదటిది, సెన్సార్‌కు ఎదురుగా వస్తూ ఒకసారి, అడ్డంగా దాటుతూ ఒకసారి ఎంత దూరం నుంచి వెలుగుతుందో టేపుతో కొలవాలి. రెండవది, సెన్సార్ ముందు కిటికీ అద్దపు ముక్కను అడ్డంగా ఉంచి నడవాలి. అద్దం మన కంటికి పారదర్శకమైనా శరీరపు పరారుణ కిరణాలను ఆపుతుంది కాబట్టి దీపం వెలగదు. అద్దం తీసి పలుచని తెల్ల పాలిథిన్ సంచిని అడ్డుపెడితే, మసకగా కనిపించే ఆ సంచి గుండా కిరణాలు పోతాయి, దీపం వెలుగుతుంది. లెన్సును గాజుతో కాక పాలిథిన్ జాతి ప్లాస్టిక్‌తో ఎందుకు చేస్తారో దీనివల్ల తెలుస్తుంది. మూడవది, తెల్లవారుజామున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి గది ఉష్ణోగ్రతను, సెన్సార్ గుర్తించిన దూరాన్ని ఒక నెలపాటు పుస్తకంలో వ్రాసుకోవాలి. హైదరాబాద్ వేసవికి సెన్సార్ ఎలా లొంగుతుందో ఆ పట్టికయే చెబుతుంది.

ముగింపు

కళాశాల పాలకవర్గం వారికి కూడా ఒక సూచన. కళాశాల మెట్లు, మరుగుదొడ్లు, సామాను గదులు సెన్సార్ దీపాలకు అనువైన చోట్లు. తరగతి గదులకు, గ్రంథాలయానికి, ముఖ్యంగా పరీక్షల హాలుకు అవి తగవు. అక్కడ అందరూ నిశ్చలంగా కూర్చుంటేనే పని జరుగుతుంది. ఆ గదులలో చివరగా వెళ్ళే విద్యార్థి స్విచ్చు ఆర్పే అలవాటు ఏ సెన్సార్ కంటే చౌకైనది, నమ్మదగినది.

విజ్ఞానాన్ని మన భాషలో చెప్పుకున్నప్పుడే అది ప్రయోగశాల దాటి ఇంటి గడప తొక్కుతుంది. మా విద్యార్థులు ఈ విషయాన్ని ఇంట్లో దాదీకి ఉర్దూలోనో, అమ్మమ్మకు తెలుగులోనో వివరించగలిగితే ఈ వ్యాసం సార్థకమైనట్లే. సెలవుల్లో ప్రతి విద్యార్థీ తన ఇంటి మెట్ల మీద రాత్రివేళ ఒకసారి దీపం లేకుండా నడిచి, ఏ మెట్టు దగ్గర అడుగు తడబడుతుందో గుర్తించాలని కోరుతున్నాం. సెన్సార్ దీపం మొదట పెట్టవలసిన చోటు అదే.